పిడి లోపలి తుప్పు

లేబర్ క్యాంపులో మేమంతా అన్నా అని పిలుచుకున్న ఆయన్ని పెట్టెలో పెట్టి ఊరికి పంపి నెల దాటింది. కాగితాల పనంతా నేనే చూశాను. ఫారం నింపుతున్న మా కంపెనీ గుమాస్తా "ఏం పని చేసేవాడు?" అని అడిగాడు. సాన పట్టేవాడన్నాను. "ముప్ఫై ఏళ్లూ అదేనా?" అన్నాడు. అదే అన్నాను. ఫారంలో ఆ పనికి గడి లేదని 'జనరల్ లేబర్' అని రాసుకున్నాడు.

జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న ఆయన అన్న కొడుక్కి ఫోన్ చేసి విషయం చెబితే, "ఏ కాక?" అన్నాడు. పేరు చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఓ, దుబాయి కాకనా!" అన్నాడు. ముప్ఫై ఏళ్లు బహ్రెయిన్‌లో బతికిన మనిషి ఇంటివాళ్లకు దుబాయి కాక. నాకు ఒళ్లు మండింది. కానీ అతన్ని ఏమనగలను? అతను పుట్టేటప్పటికే ఈయన ఇక్కడున్నాడు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకన్నా అని ఓసారి అడిగితే, చేతిలో ఉన్న ఉల్లిగడ్డ కోయడం ఆపి నిజంగానే ఆలోచించి, "యాదికి లేకుండె తమ్మీ" అన్నాడు. క్యాంపంతా పడీపడీ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆలోచిస్తూనే ఉన్నాడు.

సల్మాబాద్‌లో మా వర్క్‌షాపు రేకులు కోసి, వంచి, అతికే చోటు. రేకులు కోసే మిషన్ల బ్లేడ్లకు పదును పెట్టడం ఆయన డ్యూటీ. పుట్టుకతో కమ్మరి. నాది తుని దగ్గర. ఫిట్టర్‌గా వచ్చి తర్వాత స్టోరు చూసుకుంటున్నాను. వచ్చిన కొత్తలో ఆయనకు ఉక్కు రకాల గురించి పాఠం చెప్పబోయాను, కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు. అంతా విని, "గట్లనా" అన్నాడు. తర్వాత నేను చేతిలో పట్టుకున్న బ్లేడును గోటితో టింగుమని కొట్టి, ఆ శబ్దం విని, దానికి లోపల పగులుందని చెప్పాడు. మర్నాడు మిషన్ మీద అది సరిగ్గా అక్కడే విరిగింది.

కత్తి ఇవ్వడంలో ఆయనకో పద్ధతి ఉండేది. వంటగదిలో వంకాయలు కోసే చాకైనా సరే, పిడి ఎదుటివాడి వైపు, పదును తన వైపు పెట్టి అందించేవాడు. "అందిందా?" అని అడిగేవాడు. "అందింది" అని నోటితో అంటేనే వదిలేవాడు. తలూపితే చాలదు. విసుక్కున్నవాళ్లున్నారు, వెక్కిరించినవాళ్లున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ క్యాంపులో బెంగాలీ వాళ్లు కూడా "అందిందా? అందింది" అనుకుంటూ కత్తులు మార్చుకునేవాళ్లు. వాళ్లకు వచ్చిన తెలుగు ఆ రెండు మాటలే.

అది కమ్మరి పద్ధతి కాదు, జపాను పద్ధతి. అదెలా అబ్బిందో చెప్పాలి.

బుదైయాలో తోట మధ్య పెద్ద విల్లాలో ఓ డాక్టరు గారున్నారు. ఈ దేశం వారే. ఉద్యోగం మానేశాక ఆయనకు పాత జపాను కత్తులే లోకం. ఒకసారి ఆయన డ్రైవరు వంటింటి కత్తులు సాన పట్టించుకు రమ్మంటే, అయ్యగారు మెచ్చుకుంటారని అద్దాల బీరువాలోంచి ఓ పాత కత్తిని కూడా గుడ్డలో చుట్టి మా దగ్గరకు తెచ్చాడు. మిషన్ తిరుగుతోంది. మా అన్న వంటింటి కత్తులన్నీ పట్టి, చివరి మూట విప్పాడు. విప్పిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మిషన్ ఆపేశాడు.

"గిది సాన పట్టే సామాన్ గాదు" అన్నాడు.

డ్రైవరు బతిమాలాడు. మా సూపర్వైజరు వచ్చి, "యల్లా, ఖలాస్ చెయ్" అని, త్వరగా కానిచ్చెయ్యమని కసిరాడు.

"నేను పట్ట. నా కొలువు వోతే పోనీయుండ్రి. గీ గీత సూడుండ్రి. గీడ కాలిన ఇనుం నీళ్లు తాగింది. దీన్ని చక్రం మీద వెడ్తే గా మనిషి జేసిందంత ఒక్క నిమిషంల వోతది."

ఏ మనిషి అని ఎవరూ అడగలేదు. ఆ శుక్రవారం ఆయనే ఆ కత్తిని గుడ్డలో చుట్టుకుని, దారి అడుక్కుంటూ బుదైయా వెళ్లి డాక్టరు గారి చేతిలో పెట్టి వచ్చాడు. ఒక్క నిమిషం తేడాలో తాను ఎంత పోగొట్టుకునేవారో డాక్టరు గారికి అర్థమైంది. అప్పటి నుంచి నెలకో శుక్రవారం ఆ ఇంట్లో కత్తుల ప్రేమికులు కూడినప్పుడల్లా మా అన్నకూ పిలుపు వచ్చేది. "చక్రం ఆపిన ఉస్తాద్" అని డాక్టరు గారు అందరికీ చెప్పేవారు. అక్కడ ఆయనకున్న పేరూ, పరువూ అదే.

నాకు కంపెనీ పికప్ ఉండేది కాబట్టి చాలాసార్లు నేనే దింపేవాణ్ణి. ఒకటి రెండుసార్లు లోపల కూర్చున్నాను. ఓ జపాను ఇంజనీరు, డాక్టరు గారు, నలుగురైదుగురు తెల్లవాళ్లు. బల్ల మీద నల్ల గుడ్డ. ముందు కత్తికి నమస్కారం. తర్వాత దాన్ని ఒరలోంచి తీసి, మెత్తటి కాగితంతో తుడిచి, వెలుతురుకు పట్టి చూడటం. కత్తి ఒరలోంచి బయట ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. నోటి తుంపర ఒక్కటి పడినా మచ్చ పడుతుందట. మా అన్న ఆ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, పెదాల మధ్య టిష్యూ కాగితం మడిచి పెట్టుకునేవాడు. చూడటం అయ్యాక లవంగ నూనె పూతగా రాసేవారు. సాయంత్రం క్యాంపుకు వస్తే ఒళ్లంతా ఆ వాసనే. "పన్ను నొప్పా అన్నా?" అని అందరూ ఆట పట్టించేవాళ్లు. "ఔ" అనేవాడు.

అక్కడ ఓ ఆట కూడా ఆడేవారు. పిడి తియ్యకుండా, కత్తిని మాత్రమే చూసి ఏ కాలానిదో, ఏ ఊరిదో, ఎవరు చేశారో చీటీ మీద రాయాలి. మా అన్నకు ఆ ఊళ్లు తెలియవు, ఆ పేర్లు నోరు తిరగవు. చీటీ తీసుకునేవాడు కాదు. తన వంతు రాగానే డాక్టరు గారికి హిందీలో చెప్పేవాడు. చేసినవాడికి ఓపిక తక్కువ. లేదా, ఈయనకు నీళ్ల కరువు లేని చోట కొలిమి ఉంది. ఒకసారైతే, ముసలితనంలో చేశాడు, కన్ను సరిగా ఆనలేదు, చెయ్యి మాత్రం మరిచిపోలేదు అన్నాడు. డాక్టరు గారు ఇంగ్లీషులో చెబితే తెల్లవాళ్లు నవ్వారు. జపాను ఇంజనీరు నవ్వలేదు. పుస్తకం తీసి, ఆ కమ్మరి దాన్ని డెబ్బై దాటాక చేశాడని చూపించాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇంత జరిగినా ఆయన గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. ఆట అయ్యాక అందరూ భోజనానికి లేస్తే, "డ్యూటీ ఉంది సాబ్" అని వచ్చేసేవాడు. శుక్రవారం మాకు డ్యూటీ ఏమిటి నా మొహం! నేను రావడం ఆలస్యమైతే గేటు బయట ఎండలో నిలబడి ఉండేవాడు. లోపలి నుంచి పళ్లేల చప్పుడు వినిపిస్తుండేది. తిని రావచ్చు కదా అన్నా అంటే, "ఆళ్లందరు తినుకుంట మాట్లాడుకుంటరు తమ్మీ. నాకు కత్తి ఉన్నంతసేపే మాటలుంటయి" అన్నాడు. క్యాంపులో అంతే, ఊరి ఫోన్లో కూడా అంతే. ఫోన్ వస్తే, అవతల మాట్లాడేది ఎవరో ముందు అడిగి తెలుసుకునేవాడు.

ఆ గుంపులోని ఓ తెల్లాయన దేశం వదిలి వెళ్లిపోతూ తన కత్తుల్లో ఒకదాన్ని మా అన్నకు ఇచ్చిపోయాడు. మూరెడు కత్తి. సాదా చెక్క ఒర. అంచున చిన్న లోపం ఉందని ఎవరూ అడగనిది. కాగితాలు డాక్టరు గారి పేర, కత్తి డాక్టరు గారి బీరువాలో. అయినా మా అన్నకు అదే ఆస్తి. జపాను కత్తి పిడికి ఓ వెదురు మేకుంటుంది. అది తీస్తే పిడి ఊడి వస్తుంది. లోపల దూరి ఉన్న ఇనుప కొస మీద చేసినవాడి పేరు చెక్కి ఉంటుంది. ఈ కత్తికి అక్కడ నల్లటి తుప్పు పట్టి ఒకటిన్నర అక్షరం కనిపించేది. మిగతా పేరంతా తుప్పు కింద ఉండిపోయింది.

ఆయనకు ఆ పేరు కావాలి. అంతకు మించి ఆయన జీవితంలో దేన్నీ కోరగా నేను చూడలేదు. "మా అయ్య ఎన్ని కొడవండ్లు జేసిండో లెక్క లేదు తమ్మీ, దేని మీదా పేరు లేదు. ఈయన కష్టవడి రాసిపెట్టుకున్నడు గదా. ఒక్కసారన్న పిలవాలె" అనేవాడు.

మూడేళ్ల కిందట జపాను నుంచి ఓ పెద్ద గురువు గారు డాక్టరు గారి కత్తులు చూడటానికి ఒక్క రోజు కోసం వస్తారని ఇంజనీరు చెప్పాడు. మీదీ చూస్తారు అన్నాడు. మా అన్న ఆ రోజు కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. వేసవిలో డాక్టరు గారు లండన్ వెళ్లారు. మూసిన ఇంట్లో ఉక్క తగిలితే కత్తికి మంచిది కాదని, ఆయన అనుమతితోనే దాన్ని మా స్టోరుకు తెచ్చాడు. "నీ తాన ఏసీ ఎప్పటికి నడుస్తది. తాళం నీతాన్నే ఉంటది. ఒక్కటే మాట, కత్తి ఒంటిని ముట్టకు" అన్నాడు. ఆ ఒక్కటే మాట వందసార్లు చెప్పాడు.

గురువు గారు రావడానికి వారం ఉందనగా మా అన్నకు హెర్నియా ఆపరేషను జరిగింది. ఆసుపత్రిలో ఉన్నాడు. నాకు ఉత్సాహం ఎక్కువ, ఆలోచన తక్కువ. ఆయన వచ్చేలోగా పేరు బయటపెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. మా వర్క్‌షాపులో ఇది రోజూ చేసే పని. తుప్పు పట్టిన మిషన్ భాగం ఏది వచ్చినా, దాని మీది నంబరు చదవాలంటే ముందు తుప్పు వదిలించాలి. నంబరు చదవలేని సామాను స్టోరులో సామానే కాదు. కత్తి ఒంటికి మూడు పొరల గుడ్డ చుట్టాను. దాన్ని ముట్టుకోలేదు, ఆయన మాట జవదాటలేదు. మేకు తీసి, పిడి ఊడదీసి, లోపలి కొసకు మాత్రం తుప్పు మందు రాసి, నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో తోమి, ఎమరీ కాగితంతో నునుపు చేశాను. ఐదు అక్షరాలు తేలాయి. కొత్త గిన్నెలా మెరిసింది. మురిసిపోయాను.

ఫోన్లో ఫోటో తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఆయన మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ఫోను చేతిలో పెట్టాను. చూశాడు. చాలాసేపు చూశాడు. గంజి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఎవలు కడిగిండ్రు?"

"నేనే అన్నా. పేరంతా వచ్చేసింది, చూడు! ఐదు అక్షరాలు!"

మళ్లీ చూశాడు. వేలితో ఫోటో మీద ఒక్కో అక్షరం తడిమాడు.

"మంచిగ కడిగినవ్ తమ్మీ. ఎక్కడ గీర వడలే. పనోనివి" అన్నాడు.

ఆ రోజంతా ఆ మెప్పు తలచుకుంటూ తిరిగాను.

శుక్రవారం నాడు ఆయన్ని జాగ్రత్తగా పికప్ ఎక్కించుకుని నేనే బుదైయా తీసుకెళ్లాను. దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. కుట్లు లాగుతున్నాయేమో అనుకున్నాను. గురువు గారు చిన్న మనిషి, బాగా వయసు మళ్లినవాడు. డాక్టరు గారి కత్తులన్నీ చూశాక మా అన్న కత్తిని చేతిలోకి తీసుకున్నాడు. నమస్కరించి, ఒర తీసి, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. మిగతా వాటికంటే ఎక్కువసేపే చూశాడు. ముఖంలో ఏదో ఇష్టం కనిపించింది. తర్వాత మేకు తీసి పిడి ఊడదీశాడు.

చెయ్యి ఆగిపోయింది.

కత్తి బయట ఉంది కాబట్టి ఎవరూ మాట్లాడకూడదు. ఆయన మెల్లగా పిడి మళ్లీ తొడిగి, మేకు పెట్టి, కత్తి ఒరలో పెట్టి, నల్ల గుడ్డ మీద ఉంచి, నమస్కరించాడు. అప్పుడు ఏదో అన్నాడు. ఇంజనీరు ఇంగ్లీషులో, డాక్టరు గారు హిందీలో చెప్పారు. పని చాలా గొప్పది. పేరు చదవగలను. కానీ ఆ పేరు చేసినవాడే చెక్కాడో, తర్వాత ఎవరైనా దొంగగా చెక్కారో చెప్పడానికి ఉన్న ఒక్క సాక్షి ఆ తుప్పే. వందల ఏళ్ల తుప్పు అది. అక్షరాల గోతుల్లోనూ బయటా ఒకేలా ముసలిదై ఉండాలి. అందుకే దాన్ని ఎవరూ ఎప్పుడూ ముట్టుకోరు. ఇప్పుడిక ఎవరూ ఏమీ చెప్పలేరు.

చివర ఒక ప్రశ్న అడిగాడు. దీన్ని ఎవరు కడిగారు?

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. ఆ క్షణాన నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చేతులు బల్ల కింద దాచుకున్నాను. లేచి నేనే అనాలని తెలుసు. లేవలేదు.

గుమ్మం దగ్గర నుంచి మా అన్న లేచాడు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

"మైనే కియా, సాబ్" అన్నాడు. నేనే చేశానని.

చక్రం ఆపిన ఉస్తాద్. ఆ ఇంట్లో ఆయనకు ఉన్నదల్లా ఆ ఒక్క పేరు. దాన్ని అందరి ముందూ తీసి బల్ల మీద పెట్టేశాడు. ఇంజనీరు తల దించుకున్నాడు. డాక్టరు గారు ఆయన వైపు చూశారు, తర్వాత ఎందుకో నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

తిరిగి వస్తూ ఖర్జూరపు తోటల దగ్గర బండి ఆపేసి ఏడ్చాను. ఆసుపత్రిలోనే ఎందుకు తిట్టలేదన్నా అని అడిగాను.

"కడిగినంక తిడితే తుప్పొస్తదా?"

"మరి అక్కడ నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"ఒంటిని ముట్టకని నీకు వందసార్లు జెప్పిన. కొస ముట్టకని ఒక్కసారి జెప్పలే. జెప్పనోనిది తప్పు గాని కడిగినోనిదా?" అని, మళ్లీ తనే, "తుప్పు మల్ల వస్తది తమ్మీ. ఇనుముకు రాకుంట ఏడికి వోతది? ఓ మూన్నూరేండ్లు ఆగాలె, గంతే" అన్నాడు. నన్ను నవ్వించాలని చూశాడు.

ఆ పేరేమిటో గురువు గారిని అడగనే లేదని సల్మాబాద్ చేరాక గుర్తొచ్చింది. అడిగి వస్తానన్నాను. వద్దన్నాడు. "ఆయనదో కాదో తెల్వకుంట పిలుసుడెందుకు?"

ఆ తర్వాత ఆయన బుదైయా వెళ్లలేదు. మొదటి నెల నేను పికప్ తీసి హారన్ కొడితే "డ్యూటీ ఉంది" అన్నాడు. బట్టలు ఉతుక్కుంటున్నాడు. రెండో నెలా అంతే. మూడో నెల నేను హారన్ కొట్టలేదు. మూడేళ్లు ప్రతి శుక్రవారం ఆయన గది ముందు తిరగేసిన డబ్బా మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. వాళ్లు వెలేశారనుకున్నాను. వాళ్ల మీద కోపం పెంచుకున్నాను. నా మీద ఉండాల్సిన కోపాన్ని అలా బుదైయాకు పంపేశాను. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. వచ్చే శుక్రవారం, ఆ పై శుక్రవారం. ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి లేవలేదు.

ఆయన్ని పంపేశాక నాకు ధైర్యం వచ్చింది, చేతులు కాలాక ఆకులు దొరికినట్టు. పోయిన శుక్రవారం బుదైయా వెళ్లాను. డాక్టరు గారు బాగా ముసలివారయ్యారు. అన్న పోయిన సంగతి చెబితే కుర్చీలో కూర్చుండిపోయారు. కాసేపటికి నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ తుప్పు కడిగింది నేను సాబ్, ఆయన కాదు.

"తెలుసు" అన్నారు.

తల ఎత్తి చూశాను.

"ఆ రోజే తెలుసు. అందరికీ తెలుసు. పరాయివాడి కత్తి కోసం చక్రం ఆపినవాడు తన కత్తి తుప్పు కడుగుతాడా? నీ ముఖం కూడా చూశాను. నువ్వు చెబుతావేమోనని ఆగాను."

"మరి ఆయన్ని ఎందుకు పిలవలేదు సాబ్?"

"పిలిచి ఏమనాలి? 'నువ్వు అబద్ధం చెప్పావు, మాకు తెలుసు' అనాలా ఆయనతో? నీ కోసం అంత పెద్ద అబద్ధం చెప్పిన మనిషిని దొంగలా పట్టుకోవడం మర్యాద కాదనుకున్నాం. తనంతట తనే వస్తాడనుకున్నాం. అందుకే రెండు నెలలకోసారి డ్రైవరుతో వంటింటి కత్తులు పంపేవాణ్ణి. వాటికి పదును తగ్గిందని కాదు. మొదటిసారి లాగే ఏదో ఒకటి చేత పట్టుకుని ఆయనే వస్తాడని."

ఆ కత్తులు రావడం నాకు తెలుసు. మొన్న పట్టినట్టే ఉన్నాయేమిటని మా అన్న వాటిని తిప్పి తిప్పి చూడటమూ తెలుసు. చూసి, మళ్లీ పట్టి, శుభ్రంగా తుడిచి, "సాబ్ మంచిగున్నడా?" అని డ్రైవరును అడిగి పంపేవాడు. డ్రైవరు బుదైయా వెళ్లి, ఉస్తాద్ బాగున్నాడు అని చెప్పేవాడట.

బుదైయా నుంచి సల్మాబాద్‌కు ఇరవై నిమిషాల దారి. మూడేళ్లు ఆ దారిన కూరగాయల కత్తులు వచ్చి వెళ్లాయి. బండి ఉన్నది నాకు. చెప్పాల్సిన ఒక్క మాటా ఉన్నది నా దగ్గరే.